చెప్పకండి మాస్టారూ

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. ఎవరింట్లో పెళ్లి కుదిరిందో, ఎవరికి బదిలీ అయిందో నాకు తెలిసిన పూటే ఏలూరు బజారంతా తెలిసిపోయేది. అలాంటి నేను ఒక అంకెను ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్నాను. మా కాలేజీ ఫిజిక్సు మేడమ్ ఒకరు దాచమన్నారు, దాచాను. ఆవిడ ఈ మధ్యే పోయారు. మొన్న ఆదివారం పేపర్లో, దక్షిణాదిన కొండ కింద కట్టబోయే న్యూట్రినో ప్రయోగశాల గురించి నాలుగు లైన్లు పడ్డాయి. అనుకున్న కొండ కాదట, ఇంకో కొండ చూస్తున్నారట. అది చదివాక కాఫీ తాగబుద్ధి కాలేదు. వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే మా ఆవిడ, "ఏవండీ, కూర్చోండి కాసేపు, ఆవిడ గాలి సోకినట్టు ఆ తిరుగుడేంటి?" అంది. సోకిందేమో. ఆవిడ గురించి ఎవరికైనా చెబితే తప్ప నాకు కుదురు రాదు.

అంకె ఏమిటో మాత్రం ఇప్పుడే చెప్పను. ఆవిడ నియమం మీకూ వర్తిస్తుంది.

తాడేపల్లిగూడెంలో మా కాలేజీలో ఆవిడ ఫిజిక్సు చెప్పేవారు, నేను కామర్సు. ఇద్దరమూ ఏలూరు వాళ్లమే. ఆవిడది మిషన్ కాలం నుంచీ చర్చినీ బడినీ నమ్ముకున్న కుటుంబం. తాతగారు పంతులు, నాన్నగారు పంతులు, చెల్లెలు పంతులమ్మ. మాది బజార్లో కొట్టు. పొద్దున్నే పాసింజరు బండిలో సీజను టిక్కెట్ల మీద వెళ్లి, సాయంత్రం మళ్లీ ఆ బండిలోనే వచ్చేవాళ్లం. ఆ బండిలో ఆవిడ కూర్చోగా నేను చూడలేదు. సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడేవారు. భీమడోలు దాకా ఒక కాలి మీద బరువు, అక్కణ్ణుంచి ఇంకో కాలి మీద. "కూర్చోండి మేడమ్" అంటే, "కూర్చుంటే ఆలోచన కూడా కూలబడిపోద్దండీ" అనేవారు. పెన్ను క్యాపు తీసి పెట్టి, తీసి పెట్టి, నెలకో క్యాపు పోగొట్టేవారు. చర్చి కీర్తన ఏదో సన్నగా పాడుకుంటూ ఉండేవారు గానీ చివరి చరణం దగ్గరకు వచ్చేసరికి మనసు ఇంకెక్కడికో పోయేది. ఆవిడ ఒక్క పాట పూర్తిగా పాడగా వినలేదు.

ఇంకొకటి ఆవిడ అరచెయ్యి. ఎవరైనా ఏదైనా ఫలితం చెప్పబోతే చాలు, కుడిచెయ్యి లేచేది, ట్రాఫిక్కు కానిస్టేబులు బండిని ఆపినట్టు. "ఎంతొచ్చిందో చెప్పకండి. ముందు ఎలా కొలిచారో చెప్పండి." స్టాఫ్‌రూములో క్రికెట్టు స్కోరు చెప్పినా అంతే, పిల్లల మార్కులు చెప్పినా అంతే. మా కొట్టుకు వచ్చి కందిపప్పు తూయించుకుంటే ముల్లు చూసేవారు కాదు. మొహం అటు తిప్పుకుని పొట్లం చేత్తో పట్టుకుని బరువెంతో ముందు తను చెప్పేవారు, తర్వాత చూసేవారు. మా నాన్న మొదట్లో ఆవిడకు మా తూకం మీద అనుమానమేమో అని నొచ్చుకున్నాడు. "మీ మీద కాదండీ బాబాయిగారూ, నా చేతి మీద" అని ఆవిడ సముదాయించారు.

డిగ్రీ ప్రాక్టికల్సు మన జిల్లాల్లో ఎలా జరుగుతాయో చదువుకున్న వాళ్లందరికీ తెలుసు. లోలకం ఊపి గురుత్వ త్వరణం కనుక్కోమంటారు. జవాబు తొమ్మిది వందల ఎనభై అని పిల్లలకు ముందే తెలుసు. అందుకని రికార్డులో చివరి లైను ముందు రాసేసి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి పట్టిక నింపుతారు. మరీ గడుసువాళ్లు తొమ్మిది వందల డెబ్భై ఎనిమిది వేస్తారు, నిజంగా కొలిచినట్టు కనబడాలని. మా తరాలన్నీ అలాగే గట్టెక్కాయి. ఒక ఏడాది ఆవిడ, ఆలస్యంగా నడిచే పాత స్టాప్‌వాచీలు ఏరి బల్లల మీద పెట్టారు, ఎవరికీ చెప్పకుండా. ఆ వాచీలతో ఉన్నదున్నట్టు కొలిస్తే జవాబు వెయ్యి దాటి రావాలి. క్లాసు క్లాసంతా తొమ్మిది వందల ఎనభై తెచ్చారు. ఒక్క అమ్మాయి మాత్రం ఏడుపు మొహంతో వచ్చి, "మేడమ్, నాకు వెయ్యి దాటిపోతోందండీ. ఎన్నిసార్లు చేసినా అంతేనండీ" అంది.

ఆవిడ ఆ అమ్మాయి భుజం మీద చెయ్యేసి, "నీ ఒక్కదానికే సరిగ్గా వచ్చిందమ్మా" అన్నారు.

మా ఫిజిక్సు హెడ్డుగారు మంచివారే, కానీ భయస్తులు. స్టాఫ్‌రూముకు వచ్చి, "ఏవండీ మేడమ్, పిల్లల్తో పరాచికాలేంటండీ? ఎగ్జామినరు గారు చూస్తే?" అని తల పట్టుకున్నారు.

"చూసినా ఆయన కూడా తొమ్మిది వందల ఎనభైకే మార్కులేత్తారు కదండీ" అన్నారు ఆవిడ, పెన్ను క్యాపు తీసి పెడుతూ.

ఒకరోజు పూళ్ల స్టేషనులో క్రాసింగు కోసం బండి ఆగిపోయింది. ఆగిన బండిలో ఆవిడ పాట్లు చూడాలి. దిగుతారు, ఎక్కుతారు, సిగ్నలు వైపు మెడ చాచి చూస్తారు. కాస్త కుదురుగా ఉంటారేమోనని, "అసలు న్యూట్రినో అంటే ఏంటండీ?" అని అడిగాను.

"ఇప్పుడు మీ ఒంట్లోంచి కోటానుకోట్లు పోతున్నాయి మాస్టారూ."

నేను చొక్కా తడుముకున్నాను.

"ఏమీ తగలదండీ. సూర్యుడి నుంచి వచ్చి, మన్నీ ఈ బండినీ ఈ భూమినీ లెక్కచెయ్యకుండా అటు దిగిపోతాయి. ఎప్పుడో ఒకటి దేన్నో గుద్దుకుంటుంది. ఆ ఒక్కదాని కోసం గనుల అడుగునా కొండల కిందా యంత్రాలు పెట్టుకుని కూర్చోవాలి."

"కూర్చోవాలా? మీ వల్లేం అవుద్దండీ?" అన్నాను. ఆవిడ నవ్వారు. ఆ తర్వాత చాలాసేపు, తలుపు కమ్మీ పట్టుకుని చెప్పారు. న్యూట్రినోలకు బరువే లేదనుకునేవారట, ఉందని ఈ మధ్యే తేలిందట. మూడు రకాలున్నాయట, దారిలో ఒక రకం ఇంకో రకంగా మారిపోతుంటుందట. ఎంత మారుతోంది, మూడింట్లో ఏది తేలిక, ఏది బరువు అన్నది ఇప్పుడు తేల్చాలట. "తేడా వెంట్రుకవాసి అండీ. అంత సన్నటి చోట మనం ఏది రావాలనుకుంటే అదే వచ్చి కూర్చుంటుంది. అదీ భయం."

"కోరుకుంటే వచ్చేస్తుందా మేడమ్?"

"మన పిల్లలకి తొమ్మిది వందల ఎనభై రాలేదూ?"

అందుకని పెద్ద ప్రయోగాల్లో ఒక పద్ధతి పెట్టుకున్నారట. జవాబును తమకే కనబడకుండా దాచుకుంటారు. కొలిచే పద్ధతి, దిద్దుబాట్లు అన్నీ ఖాయం చేసుకున్నాకే మూత తీస్తారు. తీశాక ఏదొస్తే అది. నచ్చలేదని మళ్లీ వేలు పెట్టకూడదు. ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది. బండి కదిలింది కూడా చూసుకోలేదు.

ఒకప్పుడు కోలారు బంగారు గని అడుగున మనవాళ్లే న్యూట్రినోల జాడ పట్టారని, గని మూతపడ్డాక ఆ పని ఆగిపోయిందని, ఇప్పుడు దక్షిణాదిన కొండ తొలిచి లోపల ఇనప పలకలూ వాటి మధ్య గాజు డిటెక్టర్లూ పేర్చాలని చూస్తున్నారని ఆవిడే చెప్పారు. మా లాంటి కాలేజీల్లో పనిచేసేవాళ్లను కొందరిని తీసుకుని ఆ గాజు పలకల పని నేర్పుతారట. షరతు ఒకటే. సొంతంగా చేసిన కొలత ఒకటి పట్టుకెళ్లి వాళ్ల ముందు నిలబడాలి. ఆవిడకు ఇంకే కోరికా ఉన్నట్టు నాకు ఎప్పుడూ కనబడలేదు. మంచి చీర కట్టుకోవాలన్న ధ్యాస కూడా ఉండేది కాదు. "నాకు అక్కడ ఒక మూల చాలండీ మాస్టారూ. గాజు తుడవమన్నా తుడుస్తాను" అన్నారు ఒకసారి. ఆ గొంతు విని నాకు భయం వేసింది. మనిషి ఒక్కదాని మీదే అంత ఆశ పెట్టుకోకూడదు.

కాలేజీలో పాత బెంచీలు పడేసే గది ఒకటి ఉంది. దాన్ని ఖాళీ చేయించి అందులో మేడ మీద పెట్టుకునే నల్ల ప్లాస్టిక్కు నీళ్ల ట్యాంకు ఒకటి దించారు. లోపల, మూత కింద, వెలుతురును కరెంటుగా మార్చే గాజు బుడ్డి ఒకటి తలకిందులుగా వేలాడదీశారు. తను రీసెర్చి చేసిన యూనివర్సిటీలో పక్కన పడేసిన దాన్ని అడిగి తెచ్చుకున్నారు. లోపలికి చుక్క వెలుతురు వెళ్లకూడదు, వెళితే బుడ్డి పాడైపోతుంది. ముందు గొడుగు గుడ్డ చుట్టారు. చాలలేదని, ఏలూరు నుంచి నేతలో తప్పొచ్చి పక్కన పెట్టిన తివాచీ ఒకటి మోయించుకొచ్చి పైన కప్పారు. "ట్యాంకు గారికి సన్మానం చేశారా మేడమ్?" అని నేను ఏడిపిస్తే, "ఇంకా సన్మానం దాకా రాలేదండీ, మర్యాద మాత్రమే" అన్నారు.

అందులో పట్టేది న్యూట్రినో కాదు. అది మా వల్ల కాదు. పై గాలిలోంచి మ్యూయాన్లనే రేణువులు ఎడతెగకుండా రాలుతుంటాయట. చాలావరకు నీళ్లలోంచి దూసుకుపోతాయి. ఎప్పుడో ఒకటి నీళ్లలోనే ఆగిపోయి, అక్కడే చచ్చిపోతుంది. ఆగేటప్పుడు ఒక చిన్న మెరుపు, చచ్చేటప్పుడు ఇంకో మెరుపు. ఆ రెండు మెరుపుల మధ్య కాలం కొలవాలి. సెకనులో పది లక్షలవ వంతును మైక్రోసెకండు అంటారు. మ్యూయాన్ల సగటు ఆయుష్షు అలాంటివి రెండూ చిల్లర. చచ్చేటప్పుడు ఒక్కొక్కటి రెండేసి న్యూట్రినోలను వదిలిపోతుందట. "అవి మన గూడెంలో తయారైనవండీ" అని ఆవిడ గోడ వైపు చూపించేవారు, అటుగా ఇప్పుడే ఎవరో నడిచి వెళ్లినట్టు.

"పుస్తకంలో రెండు పాయింట్ రెండు అని ఉంటుంది మాస్టారూ. నీళ్లలో కొలిస్తే అంత రాకూడదు. పిసరు తక్కువ రావాలి. నీళ్లు కొన్నింటిని ముందే తినేస్తాయి. ఎవరైనా నీళ్లలో కొలిచి సరిగ్గా పుస్తకంలో ఉన్నదే తెచ్చారనుకోండి, అనుమానించాలి."

"ఎంత తక్కువ రావాలండీ?"

"చెబితే మీకూ ఆశ పుడుతుంది" అని అరచెయ్యి చూపించారు.

నా అంకె సంగతి అప్పుడొచ్చింది. వెయ్యి దాటిందని ఏడ్చిన అమ్మాయి అప్పటికి కంప్యూటరు కోర్సు చేస్తోంది. ఆ అమ్మాయి చేత ఆవిడ ఒక ప్రోగ్రాము రాయించారు. లెక్క అంతా అయ్యాక వచ్చిన ఆయుష్షుకు కంప్యూటరు ఒక రహస్యపు అంకె కలిపి తెర మీద చూపిస్తుంది. ఆవిడకు కలిపిన జవాబే కనిపిస్తుంది, అసలుది కనబడదు. ఆ అంకె ఎవరో ఒకరు పెట్టాలి. నన్ను పిలిచారు. నేను నివ్వెరపోయి, "నన్నా? నా సంగతి ఊరందరికీ తెలుసు కదండీ" అన్నాను.

"తెలిసే పిలిచానండీ. గుట్టుగా ఉండేవాళ్లకి ఇస్తే నేను మర్చిపోతాను. మీరైతే రోజూ ఎదురుగా చెప్పాలని గింజుకుంటూ కనబడతారు. అడక్కుండా ఉండటం నాకూ రోజూ పరీక్షే."

ఆవిడ గది బయటికి వెళ్లి తలుపు వేసుకున్నారు. మనసులోకి వచ్చిన అంకె ఒకటి కొట్టాను. తెర మీద చుక్కలు పడ్డాయి. ఆ రోజు నుంచీ నాకు సుఖం లేదు. బండిలో ఆవిడ కనబడితే చాలు, అంకె గొంతు దాకా వచ్చేది. "మేడమ్..." అంటానో లేదో చెయ్యి లేచేది. "చెప్పకండి మాస్టారూ." నిద్రలో ఏవో అంకెలు కలవరిస్తున్నానని మా ఆవిడ మా అత్తగారితో చెప్పుకుని బెంగపడింది కూడా.

నీళ్లు పెద్ద తంటా అయ్యాయి. కాలవ నీళ్లు కొన్నాళ్లకే పచ్చబడిపోయేవి. చివరికి వాటరు ప్లాంటు డబ్బాలతో నింపారు. మధ్యలో ఒక ఆదివారం కొల్లేటికోటకు వెళదాం రమ్మన్నారు. ఆవిడ నాన్నగారు ఒకప్పుడు ఆ చుట్టుపక్కల బడిలో పనిచేశారు. ఆయన దగ్గర చదువుకున్న ఒకాయనకు అక్కడ చేపల చెరువు ఉంది, నీళ్లు పచ్చబడకుండా ఏం చెయ్యాలో ఆయన్ను అడుగుదామని. ఆవిడ ఆయన్ను బాబాయ్ అనేవారు. మేం వెళ్లేసరికి చేపలు కొనేవాళ్లొచ్చి గట్టు మీద నిలబడి ఉన్నారు. బాబాయ్ మనుషులు ఒక మూలన వల వేశారు. మంచి పెద్ద చేపలు పడ్డాయి. కొనేవాళ్లు తలలూపారు. ఆ మూలనే గడకర్రలకు మేత బస్తాలు వేలాడుతున్నాయి. ఆవిడ ఉండబట్టలేక, వాళ్లు వినేలాగే, "మేత బస్తా దగ్గర వలేస్తే పెద్దవే పడతాయి కదా బాబాయ్? చెరువంతటి లెక్క అదెలా అవుద్ది?" అన్నారు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

బాబాయ్ ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు పక్కకు తీసుకెళ్లి, గొంతు తగ్గించి, "కొనేవోడికి సూపిచ్చేదానికేనమ్మా అక్కడేసేది. మన సొంత లెక్కకైతే నడిసెరువులోనే ఏత్తాం. మీ నాన్నగారి కూతురివని ఊరుకుంటన్నాను" అన్నాడు. ఆ తర్వాత ట్యాంకు సంగతంతా విని, "అన్ని నీళ్లు పోసి ఒక్క సేపన్నా ఎయ్యవేంటమ్మా!" అని జాలిపడ్డాడు.

తిరుగు దారిలో, ఆటోలో తప్పదు కాబట్టి కూర్చుని, ఆవిడ పెన్ను క్యాపు తీసి పెడుతూ ఉన్నారు. ఆకివీడు రోడ్డెక్కాక, "సొంత లెక్కకి వేరే వల" అని తనలో తను అనుకున్నారు. "నాకు రెండు వలలు లేవు మాస్టారూ. అదే నాతో వచ్చిన చిక్కు."

కొల్లేట్లో సర్కారు చేపల చెరువుల గట్లు కొట్టేసిన తర్వాతి ఏడాది ఆ పిలుపు రానే వచ్చింది. కొలత పట్టుకుని తమిళనాడు రమ్మన్నారు. ఆవిడ దిద్దుబాట్లన్నీ ఖాయం చేసుకున్నారు. బయల్దేరే ముందు రోజు సోమవారం. మధ్యాహ్నం నా అంకె తీసేసి, జవాబు మీద మూత తీద్దామన్నారు. హెడ్డుగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ప్రోగ్రాము రాసిన అమ్మాయి వచ్చింది. నేను పకోడీల పొట్లం తెచ్చాను. అంకె నాలిక చివర ఉంది. ఇన్నాళ్ల నరకం ఇంకాసేపట్లో తీరిపోతుందని నాకు పండగలా ఉంది.

ఆవిడ వచ్చి ఆ తివాచీ చుట్టూ తిరిగారు. ఒకసారి, ఇంకోసారి. తర్వాత, "ఈవేళ కాదండీ" అన్నారు.

పగటి లెక్కకూ రాత్రి లెక్కకూ సన్నటి తేడా కనిపిస్తోందని, ఎక్కడో వెలుతురు కారుతోందేమోనని, అది తేలకుండా మూత తీయనని చెప్పారు. హెడ్డుగారు బతిమాలారు. "ఏవండీ మేడమ్, రేపు బండి కదండీ! ముందు తీసేద్దాం. తేడా సంగతి తర్వాత చూసుకోవచ్చు కదండీ."

"తీశాక చూస్తే, జవాబు నచ్చితే తేడా చిన్నదంటానండీ. నచ్చకపోతే పెద్దదంటాను. నా సంగతి నాకు తెలుసు."

నాకు ఒళ్లు మండిపోయింది. "మేడమ్, నేను చెప్పేస్తాను" అన్నాను. నిజంగానే చెప్పేసేవాణ్ని. చెయ్యి లేచింది. "చెప్పకండి మాస్టారూ. మీ కాళ్లు పట్టుకుంటాను." అంతమంది ముందు అంత మాట అన్నాక ఇంకేం చెబుతాను? పకోడీలు ఎవరూ ముట్టుకోలేదు.

ఆవిడ వెళ్లలేదు. ఆ మూల ఇంకెవరికో దక్కింది.

ఆ సాయంత్రం బండిలో నేను ఆవిడతో మాట్లాడకూడదనుకున్నాను. ఉంగుటూరు దాకా బిగపట్టుకుని, ఆ తర్వాత నా వల్ల కాక అడిగేశాను. "ఇది నిజాయితీయా మేడమ్, భయమా?"

ఆవిడ తలుపు కమ్మీకి తల ఆనించి, బయటకు చూస్తూ చెప్పారు. రీసెర్చిలో ఉన్నప్పుడు ఒక కొలత చేశారట. రాత్రింబవళ్లు తప్పులు వెతికి దిద్దుతూ పోయారట. ఒకరోజు జవాబు పుస్తకంతో కలిసిందట. ఆ క్షణాన వెతకడం ఆపేశారట. గైడు మెచ్చుకున్నారట. కొన్నాళ్లకు ఇంకొక తప్పు కనబడింది. దాన్ని కూడా దిద్దితే జవాబు పుస్తకానికి దూరం పోతుంది. "అబద్ధం ఆడలేదండీ నేను. ఆగిపోయాను, అంతే. కలవగానే ఆగిపోయాను. అది ఇంకా ఘోరం." ఆ డాక్టరేటు మధ్యలో వదిలేసి వచ్చి మా కాలేజీలో చేరారు. "నిజాయితీయో భయమో నాకూ తెలీదండీ. రెండూ ఒకచోటే కాపురం ఉంటాయేమో." ఆ రోజు ఏలూరు వచ్చేదాకా ఆవిడ ఒక్కసారి కూడా కాలు మార్చుకోలేదు.

తర్వాత ఆ వెలుతురు కారే చోటు దొరికింది, మూశారు. ఇంకో అనుమానం వచ్చింది. "ఇంకొక్క వానాకాలం చూద్దామండీ" అనడం అలవాటైపోయింది. నీళ్లు మార్చారు, తీగలు మార్చారు. ఒక వేసవిలో కరెంటు ఎగిసి బుడ్డీ కాలిపోయింది, కంప్యూటరూ పోయింది. ఇక నా అంకె నాలో మాత్రమే మిగిలింది, ఆవిడ తెర మీద చూసిన జవాబు ఆవిడలో మాత్రమే. "ఇంకేముందండీ, ఇప్పుడైనా తీసేద్దాం" అన్నాను. "ఒక్క సంగతి ఆలోచించాలండీ ఇంకా" అన్నారు. నాకు విసుగొచ్చి అడగడం మానేశాను. గదిలో ట్యాంకు అలాగే ఉండిపోయింది, తివాచీ కప్పుకుని.

పోయినేడు ఆవిడ సెలవు పెట్టారు. ఒంట్లో బాగోలేదన్నారు గానీ ఏమిటో చెప్పలేదు. తెలిసేసరికి ఏలూరులో ఆసుపత్రిలో ఉన్నారు. వెళ్లి చూశాను. మంచానికి కట్టేసినట్టు పడుకుని ఉన్న ఆవిణ్ణి చూడలేకపోయాను. దుప్పటి కింద కాళ్లు మాత్రం కదులుతూనే ఉన్నాయి. గూడెం కబుర్లు అడిగారు. బండి ఇంకా పూళ్లలో ఆగుతోందా అన్నారు. నేను కుర్చీ దగ్గరకు లాక్కుని, "మేడమ్..." అన్నాను. సూది గుచ్చి ప్లాస్టరు అంటించిన చెయ్యి దుప్పటి మీంచి జానెడు లేచింది. అరచెయ్యి నా వైపు తిరిగింది. నోరు మూసుకున్నాను. ఇద్దరమూ నవ్వాం.

అంత్యక్రియలకు మా కాలేజీ కాలేజీ అంతా వచ్చింది. చర్చిలో కీర్తన పాడారు, ఆవిడ సగం పాడి వదిలేసేదే. ఈసారి చివరి చరణం కూడా పాడేశారు. అది విన్నాక నాకు నిలబడాలనిపించలేదు. సమాధుల దగ్గర అందరూ వెళ్లిపోతుండగా చెల్లెలు గారు నా దగ్గరకు వచ్చారు. నెమ్మదస్తురాలు, అక్కకు పూర్తిగా వేరు.

"మాస్టారు గారూ, అక్క మీకో మాట చెప్పమందండీ. నాకేం అర్థం కాలేదు, అది అన్నట్టే చెబుతాను. 'నేను ఇంక వేలు పెట్టి మార్చడానికి ఏమీ లేదు కదా, ఇప్పుడు మూత తీయొచ్చని మాస్టారికి చెప్పు. మూడు పాయింట్ మూడు తొమ్మిది అని చెప్పు' అందండీ."

చెల్లెలు గారే మళ్లీ అన్నారు. "ఆ మూడు పాయింట్ మూడు తొమ్మిది మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్నదేనండీ. అక్క తమిళనాడు వెళ్లకుండా ఆగిపోయిన ముందు నుంచీ. 'నీళ్లు మార్చినా అదే, వెలుతురు మూసినా అదే, కదలదేంటే ఇది' అని విసుక్కునేది."

నా అంకె ఒకటి పాయింట్ మూడు ఒకటి. ఇదిగో, మీకూ మూత తీశాను. కొట్లో పుట్టి పెరిగినవాణ్ని. తీసివేత నా అనుమతి కోసం ఆగదు. రెండు పాయింట్ సున్నా ఎనిమిది.

ముందు కోపం వచ్చింది. ఆ సోమవారం నేను నోరు తెరిచినా వచ్చేది ఇదే. ఆ బండి ఎక్కి ఉంటే ఆవిడ ఈ పాటికి ఎక్కడో కొండ దగ్గర గాజు పలకలు తుడుచుకుంటూ, కూర్చోకుండా, అందర్నీ వేధిస్తూ ఉండేవారు. అన్నేళ్లూ తన మీద తనకున్న అనుమానమే ఆవిణ్ణి తినేసింది. చెప్పడానికి ఎదురుగా మనిషి లేరు. ఆ మట్టి వైపు చూస్తూ నిలబడ్డాను. కళ్లజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

"అదేదో లెక్క కదండీ?" అన్నారు చెల్లెలు గారు మెల్లగా. "అక్కకి సరిగ్గా వచ్చిందాండీ?"

"పుస్తకంలో ఉన్నదాని కన్నా పిసరు తక్కువొచ్చిందండీ" అన్నాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. "అయ్యో, తప్పొచ్చిందా! పోన్లెండి పాపం. దాని కోసం ఎంత యాతన పడిందో..."

నా కుడిచెయ్యి దానంతటదే లేచింది, అరచెయ్యి ఆవిడ వైపు.

"కాదండీ" అన్నాను. "తక్కువే రావాలి. నీళ్లు కొన్నింటిని ముందే తినేస్తాయి."